బెత్తెడు వైరు, అరవై వేల బేరం

పాత పెట్రోలు కారు దగ్గుతా, ఎగిరెగిరి పడతా పోతుంటే మా రామకుప్పం వైపు ఒకటే మాట అంటారు: "బండి మిస్సింగ్ కొడతా ఉండాది." కుప్పంలో తమిళం మాట్లాడే మెకానిక్కు అయినా, వి.కోట దాటి కోలారు పక్కకి పోతే కన్నడం మాట్లాడే మెకానిక్కు అయినా ఇదే మాట. మూడు రాష్ట్రాలు కలిసే చోట మూడు భాషలకీ కలిసొచ్చిన మాటల్లో ఇదొకటి. ఏది మిస్సయింది అని అడిగితే మాత్రం మనిషికొక జవాబు. ఒకాయన కార్బురేటర్లో చెత్త అంటాడు. ఇంకొకాయన బంకులో పెట్రోల్లో నీళ్లు కలిపారంటాడు. మూడో ఆయన బానెట్ కూడా ఎత్తకుండానే "ఇంజను బోరుకొచ్చింది" అని తేల్చేస్తాడు.

మొదటి రెండు మాటలకీ వందల్లో ఖర్చు. మూడో మాట వేలల్లో. అందుకే ఈ వారం దాని సంగతి చూద్దాం.

మా పెదనాయనకి 1984 మోడల్ అంబాసిడర్ ఉంది. మార్క్ 4. తెల్లది, ఇప్పుడు తెల్లగా లేదు. 1489 సీసీ పెట్రోలు ఇంజను, నాలుగు సిలిండర్లు. మన రాష్ట్రంలో 108 వచ్చింది 2005లో. అంతకు ముందు మా ఊర్లో రాత్రిపూట ఎవరికి పురిటి నొప్పులొచ్చినా, ఎవర్ని పాము కరిచినా మా పెదనాయన తలుపే తట్టేవాళ్లు. మా అమ్మని నా కాన్పుకి కుప్పం తీసుకుపోయింది ఆ బండే. వెనక సీటు పీకేసి పట్టుగూళ్లు మార్కెట్టుకి వేసుకుపోయిందీ ఆ బండే, మళ్లీ అదే సీటు బిగించి మా అక్కని పెళ్లికూతురిగా కూర్చోబెట్టిందీ అదే. డెబ్బై దాటినా ఆయన దాన్ని ఇంకొకరికి తోలడానికి ఇవ్వడు.

ఆ బండి ఆరు నెలలుగా మిస్సింగ్. దగ్గర్లోని ఒక టౌన్లో షెడ్డుకి వేశారు. ప్లగ్గులు మార్చారు, పాయింట్లు మార్చారు, కండెన్సర్ మార్చారు, కార్బురేటర్ విప్పి కడిగారు. వారం బాగుందన్నారు, మళ్లీ మొదలు. చివరికి బోరు కొట్టించి, పిస్టన్లు రింగులు వేసి, హెడ్డు పని కూడా చెయ్యాలి, అరవై వేలు అవుతుంది అన్నారు. పెదనాయన కొడుకు, అంటే మా అన్న, లెక్కలు వేసుకున్నాడు. పాత ఇనుము కింద ముప్పైరెండు వేలకి అడుగుతున్నారు. అరవై ఖర్చు పెట్టడమా, ముప్పైరెండు తీసుకోవడమా? ఆయన లెక్కలో తప్పేం లేదు. ఇద్దరు పిల్లల ఫీజులు కట్టేవాడు అట్లాగే ఆలోచిస్తాడు.

పెదనాయన నాకు ఫోన్ చేసినాడు. "ఒరే నాయనా, ఆదివారం లోపల ఒకసారి వచ్చిపో. సోమవారం పొద్దున్నే లారీ వస్తాదంట, బండిని ఎత్తకపోతారంట." ఆయన గొంతులో అరుపులేదు, ఏడుపు లేదు. ఊరికే చెప్పినట్టు చెప్పినాడు. అందుకే శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ బ్యాగులో మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, ఫీలర్ గేజ్ వేసుకుని బెంగళూరులో రైలెక్కి కుప్పంలో దిగినా.

ముందు ఈ బండిలో నిప్పు ఎట్లా పుడుతుందో చెప్పాలి. తెలిసినవాళ్లు రెండు పేరాలు దాటేయండి.

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్గు కొసన గాలిలో నిప్పురవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఆ పని చేసేది ఇగ్నిషన్ కాయిల్. దాంట్లో రెండు చుట్లుంటాయి, ఒకటి లావు తీగ, ఇంకొకటి వేల చుట్లున్న సన్న తీగ. లావు తీగలో కరెంటు పారుతున్నప్పుడు ఏమీ జరగదు. దాన్ని టక్కున తెంచినప్పుడే సన్న తీగలో పెద్ద వోల్టేజీ పుడుతుంది. ఆ తెంచే పని డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లది. ఇంజను తిరిగే కొద్దీ ఒక చిన్న నాలుగు మూలల క్యామ్ పాయింట్లని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. తెరిచిన ప్రతిసారీ ఒక నిప్పురవ్వ. పైన తిరిగే రోటర్ దాన్ని 1-3-4-2 వరసలో సిలిండర్లకి పంచుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే నాలుగు సిలిండర్లకి కలిపి నిమిషానికి 6000 నిప్పురవ్వలు, అంటే సెకనుకి వంద. అందులో నాలుగైదు తప్పినా సీట్లో కూర్చున్నవాళ్లకి నడుం దగ్గర తెలిసిపోతుంది.

పాయింట్లు తెరిచినప్పుడు కరెంటు అక్కడే దూకి పాయింట్లని కాల్చెయ్యకుండా పట్టుకునేది కండెన్సర్. ఈ మొత్తం ఏర్పాటు అమెరికాలో ఛార్లెస్ కెట్టరింగ్ అనే ఇంజనీరు చలవ. ఆయన 1909లో ఇంకొకాయనతో కలిసి పెట్టిన కంపెనీ పేరు డేటన్ ఇంజనీరింగ్ లాబొరేటరీస్ కంపెనీ, పొట్టిగా డెల్కో. మన పాత మెకానిక్కులు డిస్ట్రిబ్యూటర్‌ని "డెల్కో" అనడం విన్నారా? ఆ పేరే అది. ఒహాయోలో పుట్టిన కంపెనీ పేరు మన షెడ్డుల్లో ఒక పార్టు పేరైపోయింది. మా పెదనాయన బండిలో ఉన్న డెల్కో మాత్రం మద్రాసు పాడి ఫ్యాక్టరీలో తయారైన లూకాస్-టీవీఎస్ వాళ్లది.

శనివారం పొద్దున కాఫీ తాగుతా పెదనాయన్ని అడిగినా.

"ఎప్పుడు వస్తాది పెద్నాయనా మిస్సింగు? స్టార్ట్ చేసిన వెంటనేనా, వేడెక్కినాకనా?"

"వేడికీ చలికీ ఏం సంబంధం లేదురా. నిలబెట్టి ఉంటే గడియారం మాదిరి ఆడతాది."

"మరి ఎక్కుడులో?"

"అదే చెప్తాండా. పోయిన నెల చిత్తూరు పోయి కళ్లు చూపించుకోని వస్తాంటి. మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు నలుగురం ఉండాం బండ్లో. ఒక్కసారి కూడా తుమ్మలా. ఎద్దు మాదిరి ఎక్కేసింది. పలమనేరు దాటి రోడ్డు చదునుగా వచ్చినాక, తీరిగ్గా నలభైలో పోదామంటే, అప్పుడు మొదలుపెట్టింది దాని ఏషాలు."

ఆరు నెలల్లో ఈ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదంట. నాకైతే ఆ ఒక్క జవాబుతోనే "బోరుకొచ్చింది" అన్న మాట మీద నమ్మకం పోయింది. ఎందుకో చూడండి. రింగులు అరిగిపోయిన ఇంజను ఎక్కుడులోనే ముందు చేతులెత్తేస్తుంది. ప్లగ్గు బలహీనంగా ఉన్నా, కాయిల్ చచ్చిపోతున్నా, హెచ్‌టీ వైరు లీకవుతున్నా కూడా ఎక్కుడులోనే బయటపడతాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు సిలిండర్లోకి మిశ్రమం నిండుగా పోతుంది, ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. నీరసంగా ఉన్న పార్టు ఏదైనా అక్కడే దొరికిపోతుంది. మరి ఈ బండి నిలబడి ఉంటే బాగుంది, మొగిలి ఘాట్లో బాగుంది, సగం యాక్సిలరేటర్ మీద చదును రోడ్డులో మాత్రమే పాడు. కష్టమైన చోట కాకుండా సుఖమైన చోట ఏడుస్తోంది.

అప్పుడే కదిలి, మిగతా అప్పుడు కదలకుండా ఉండేది ఏంటి? ఈ బండిలో అలాంటిది ఒకటుంది. డిస్ట్రిబ్యూటర్ పక్కన చిన్న డబ్బీ అతికించినట్టు ఉంటుంది, దాని నుంచి కార్బురేటర్‌కి ఒక సన్న గొట్టం. వ్యాక్యూమ్ అడ్వాన్స్ అంటారు. సగం తొక్కుడులో మిశ్రమం పలచగా ఉంటుంది, నిదానంగా కాలుతుంది, కాబట్టి నిప్పు కొంచెం ముందే పెట్టాలి. ఆ డబ్బీలోని రబ్బరు పొరని ఇంజను పీల్పు లాగుతుంది, ఆ పొర పాయింట్లున్న ప్లేటుని కొన్ని డిగ్రీలు తిప్పుతుంది. ఊరికే ఆడుతున్నప్పుడు ఆ గొట్టానికి పీల్పు అందదు. పూర్తిగా తొక్కితే పీల్పే పడిపోతుంది. రెండు సందర్భాల్లోనూ ప్లేటు తన చోటికి తాను వచ్చేస్తుంది. చదును రోడ్డు మీద తీరిగ్గా నలభైలో పోయేటప్పుడే ప్లేటు పక్కకి తిరిగి ఉంటుంది.

అంటే అనుమానం ఒకటి దొరికింది. అనుమానం దొరికితే పని అయిపోయినట్టు కాదు. సగం తొక్కుడులో కార్బురేటర్ మిశ్రమం మరీ పలచనైనా ఇట్లాగే ఎగురుతుంది. అదీగాక సోమవారం లారీకి డబ్బులు మాట్లాడుకున్న మా అన్నకి నా అనుమానంతో పనిలేదు. ఆయనకి రుజువు కావాలి. ముందు ఇంజను ఆరోగ్యం సంగతి తేల్చాలి.

శనివారం మధ్యాహ్నం ఇంజను ఆడుతుండగా ఒక్కో ప్లగ్గు వైరు తీసి చూసినా. రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తో తీయాలి, ఉత్త చేత్తో పట్టుకుంటే చెయ్యి మోచేతి దాకా జిల్లుమంటుంది, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఆ పక్కకే పోకూడదు. తీసిన వైరు కొసని గాలిలో వదిలెయ్యకుండా ఇంజను ఇనుముకి దగ్గరగా పెట్టాలి, లేకపోతే దారి దొరకని వోల్టేజీ కాయిల్ లోపలే దారి చేసుకుంటుంది. ఏ సిలిండర్ వైరు తీస్తే ఇంజను మోతలో తేడా రాదో అది అప్పటికే చచ్చిన సిలిండర్. మా బండిలో ఏది తీసినా ఒకేలా కుంగింది. నాలుగూ పనిచేస్తున్నాయి. ఈ పరీక్ష ఇట్లాంటి పాయింట్ల బండికే. కంప్యూటర్ ఉన్న కార్లలో చెయ్యొద్దు, మాడ్యూల్ పోతుంది.

అంబాసిడర్ ఫ్యాను ఇంజను బెల్టు మీద తిరుగుతుంది, ఇంజను ఆడినంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. భుజాన తువ్వాలు వేసుకుని బానెట్లోకి వంగేవాళ్లకి ఈ మాట. మా పెదనాయనకి నేను మూడుసార్లు చెప్పాల్సొచ్చింది.

ప్లగ్గులు విప్పి వరసగా గోడ మీద పెట్టినా. నాలుగూ బిస్కెట్ రంగు. ప్లగ్గు అంటే ఇంజను నాలుక. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, తడిగా పెట్రోలు వాసన కొడితే నిప్పు అందడం లేదు, నూనె జిడ్డు ఉంటే రింగుల దగ్గర్నుంచి ఆయిల్ పైకొస్తోంది. బోరుకొచ్చిన ఇంజను ప్లగ్గు బిస్కెట్ రంగులో ఉండదు.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. ఊర్లో కరెంటు పోతే తిట్టుకుంటాం గానీ ఈ పనికి అంతకంటే మంచి సమయం లేదు. చిమ్మచీకట్లో ఇంజను స్టార్ట్ చేసి బానెట్ ఎత్తి చూస్తే, లీకవుతున్న వైర్ల మీద నీలం రంగు మెరుపులు పాకుతా కనిపిస్తాయి. క్యాప్ చిట్లి ఉంటే అక్కడా కనిపిస్తుంది. స్ప్రే సీసాతో నీళ్లు కొంచెం చల్లితే ఇంకా బాగా తెలుస్తుంది. పది నిమిషాలు చూసినాం, నేనూ పెదనాయనా. ఏమీ లేదు. చీకటి, పెట్రోలు వాసన, ఇంజను మోత. "బాగా ఆడతాంది కదరా" అన్నాడు ఆయన. ఔనన్నా. "బాగా ఆడేదాన్ని ఎట్లా ఇనుముకేసేది?" అన్నాడు. దానికి నేనేం చెప్పలేదు.

ఆదివారం పొద్దున కుప్పంలో తెలిసినాయన దగ్గర కంప్రెషన్ గేజ్ తెచ్చినా. నాలుగు ప్లగ్గులూ తీసేసి, కాయిల్ వైరు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. తొక్కిపట్టింది మా అన్నే, నేను కావాలనే ఆయన్ని పిలిచినా. నాలుగు సిలిండర్లూ 120 పౌండ్లకి కాస్త అటూ ఇటూ చూపించినాయి, ఒకదానికి ఒకటికి మధ్య తేడా ఐదు మించలేదు. అరిగిపోయిన ఇంజను ఇంత చూపించదు, ఇంత సమానంగా అసలే చూపించదు. అన్న గేజ్ తీసుకుని నాలుగోది తనే మళ్లీ ఒకసారి చూసుకున్నాడు. "అయితే ఆ అరవై వేలు దేనికి?" అన్నాడు. నిజానికి ఐదు నిమిషాల ఈ పరీక్ష చెయ్యకుండా ఎవరైనా ఇంజను విప్పాలంటే మీరు విప్పనియ్యొద్దు. బోరు కొట్టించడం ఆపరేషన్ లాంటిది. స్కానింగ్ అడగకుండా ఆపరేషన్‌కి సంతకం పెడతామా?

ఇప్పుడు అసలు అనుమానం. డిస్ట్రిబ్యూటర్ డబ్బీ నుంచి వ్యాక్యూమ్ గొట్టం పీకి, కార్బురేటర్ వైపు కొసలో ఒక స్క్రూ బిగించి గాలి పోకుండా మూసినా. పాయింట్ల ప్లేటు ఇక కదలదు. మైలేజీ కొంచెం తగ్గుతుంది, చురుకు కొంచెం తగ్గుతుంది, అంతకు మించి నష్టం లేదు. ముగ్గురం ఎక్కి వి.కోట రోడ్డు మీద పోయినాం. పెదనాయన తోలినాడు. నలభై. సగం తొక్కుడు. రోజూ ఎగిరిపడే చోటు దాటింది. ఇంకో రెండు కిలోమీటర్లు. ఎవరూ ఏం మాట్లాడలేదు. చివరికి ఆయనే, "అద్దం మాదిరి పోతాంది" అన్నాడు. ఒక చెట్టు కింద ఆపి స్క్రూ తీసి గొట్టం మళ్లీ తగిలించినా. అర కిలోమీటరు పోకముందే దడదడమని మొదలు. మళ్లీ పీకినాం, మళ్లీ నిమ్మళం. నా ఉద్యోగంలో ఒక బగ్‌ని అనుకున్నప్పుడు తెప్పించి అనుకున్నప్పుడు ఆపగలిగితే సగం పని అయిపోయినట్టు లెక్క. ఇక్కడా అంతే.

ఇంటికొచ్చినాక ఇంకొక పరీక్ష. చూడ్డానికి నవ్వొస్తుంది గానీ దీనికి పైసా ఖర్చు లేదు. ఇంజను ఆడుతుండగా ఆ గొట్టం కొసని నోట్లో పెట్టుకుని గాలి పీల్చాలి. బాగున్న బండి అయితే నిప్పు ముందుకి జరిగి ఇంజను మోత కాస్త పెరుగుతుంది. నేను పీల్చేసరికి మా బండి తడబడి, ఇంకొంచెం గట్టిగా పీలిస్తే ఆగిపోయింది. వదిలితే మామూలే. పిల్లలందరూ చుట్టూ చేరి "ఇంకోసారి మామా" అని అడిగి ఐదారుసార్లు బండిని చంపించినారు.

క్యాప్, రోటర్ తీసి లోపల చూస్తే, బయటి టెర్మినల్ నుంచి పాయింట్లకి ఒక వైరు. బెత్తెడు కూడా ఉండదు. గుడ్డ తొడుగు వేసిన మెత్తటి వైరు. ప్లేటు కదిలిన ప్రతిసారీ ఇది వంగాలి, అందుకే సన్నటి పోగులతో అల్లుతారు. మల్టీమీటర్ రెండు ముళ్లూ దాని రెండు కొసల మీద పెట్టి, స్క్రూడ్రైవర్‌తో ప్లేటుని మెల్లగా తిప్పినా. మొదట సున్నాకి దగ్గర. ప్లేటు కొంచెం తిరగ్గానే అంకె ఎగిరి పోయింది, తెగిపోయిన వైరుకి చూపించినట్టు చూపించింది. వదిలితే మళ్లీ సున్నా. పైన తొడుగు చెక్కుచెదరలేదు. లోపల రాగి పోగులు నలభై ఏళ్లు వంగి వంగి ఒక్కోటీ తెగిపోయి, కొసలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ప్లేటు చోట్లో ఉంటే ఆనుకుంటాయి, పక్కకి లాగితే విడిపోతాయి. కాయిల్‌కి కరెంటే అందదు, ఇక నిప్పెక్కడిది?

షెడ్డులో వాళ్లు మార్చినవన్నీ మార్చాల్సినవే, నేను కాదనను. ఈ వైరు బయటికి బాగానే కనిపిస్తుంది, పాయింట్ల సెట్టుతో పాటు కొత్తది రాదు, కాబట్టి ఎవరి కన్నూ దాని మీద పడలేదు. నాకు నచ్చనిది ఒకటే. నాలుగు పార్టులు ఒకేసారి మార్చేస్తే ఏ మార్పుకి ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఒక్కోటి మార్చి, తోలి చూసి, తర్వాతది మార్చాలి. మూడో సిలిండర్ మీద అనుమానమా, మూడో ప్లగ్గు తీసి ఒకటిలో పెట్టండి. రోగం ఒకటికి పోతే ప్లగ్గుది తప్పు, మూడులోనే ఉంటే వైరో క్యాపో లోపలి వాల్వో. కొత్త పార్టు కొనకుండానే సగం తేలిపోతుంది. ఇప్పటి కార్లకి ఈ తంటా లేదు. స్కానర్ పెడితే పీ0301 అని చూపిస్తుంది, ఒకటో సిలిండర్ మిస్సింగ్ అని అర్థం. అంబాసిడర్ అంకెలు చూపించదు, మనమే అడగాలి.

వైరుకి వైరే మందు. మల్టీమీటర్‌కి నా దగ్గర ఇంకో జత టెస్టింగ్ వైర్లున్నాయి, నూట యాభై పెట్టి కొన్నవి. సిలికాన్ తొడుగు, లోపల వెంట్రుకల్లాంటి వందల పోగులు, ఎంత వంచినా వంగుతుంది. అందులోంచి బెత్తెడు కోసి, పాత కొసలకి సోల్డర్ చేసి, ప్లేటు రెండు వైపులా తిరిగినా లాగుకోకుండా కాస్త వదులు ఉంచి బిగించినా. మామూలు ఇంటి కరెంటు వైరు దీనికి పనికిరాదు, నెలలో విరుగుతుంది. ప్లేటుకీ డిస్ట్రిబ్యూటర్ బాడీకీ మధ్య ఇంకొక పొట్టి ఎర్త్ వైరు ఉంటుంది, దానికీ ఇదే రోగం వస్తుంది కాబట్టి చేతి పనిలో చెయ్యి అని అదీ మార్చేసినా. పాయింట్ల గ్యాప్ 0.38 మిల్లీమీటర్ పెట్టినా, దానికి 0.35 నుంచి 0.40 దాకా సరే. ప్లగ్గులు 0.6. రోటర్ కింద ఫెల్టు మీద రెండు చుక్కల ఆయిల్. గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చితే ఈసారి ఇంజను మోత పెరిగింది. పిల్లలకి నచ్చలేదు.

సాయంత్రం పెదనాయన ఒక్కడే బండి తీసుకుని వి.కోట దాకా పోయి వచ్చినాడు. గంట పట్టింది. రాంగానే తాళాలు జేబులో వేసుకుని "అన్నం పెట్టు" అన్నాడు పెద్దమ్మతో. అంతే.

సోమవారం లారీ రాలేదు, అన్నే ఫోన్ చేసి వద్దన్నాడు. అయితే కథ అక్కడ సుఖాంతం అనుకోకండి. అన్న అడిగిన ప్రశ్న ఇంకా అట్లాగే ఉంది: "బండి నడస్తాది సరే, కాగితాలు ఎన్నాళ్లు నడస్తాయి?" పదిహేనేళ్లు దాటిన కారుకి ఐదేళ్లకొకసారి ఆర్సీ రెన్యువల్ చేయించాలి. 600 ఉన్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, 2025లో ఇరవై ఏళ్లు దాటినవాటికి మళ్లీ పెంచారు. వింటేజ్ కింద రిజిస్టర్ చేయిద్దామంటే 2021 రూల్స్ ప్రకారం బండికి యాభై ఏళ్లు నిండాలి, 20,000 కట్టాలి, పైగా అట్లాంటి బండిని రోజూ తిప్పుకోవడానికి ఒప్పుకోరు. మా బండికి యాభై నిండేది 2034లో. అంబాసిడర్ తయారీ ఉత్తర్‌పారాలో 2014లోనే ఆగిపోయింది. పార్టులు ఇప్పటికి బెంగళూరు జేసీ రోడ్డులో దొరుకుతున్నాయి, రేపటి సంగతి ఎవరు చెప్తారు? తర్వాతి రెన్యువల్ దాకా ఉంచుదాం, అప్పుడు చూద్దాం అని ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. తండ్రీ కొడుకుల మధ్య అంతకంటే పెద్ద ఒప్పందం నేను ఆశించలేదు కూడా.

మీ ఇంట్లోనూ ఇట్లాంటి అంబాసిడరో, పద్మినియో ఉంటే డిక్కీలో ఒక పాత పాయింట్ల సెట్టు, పనిచేసి చూపించిన ఒక పాత కండెన్సర్, ఒక రోటర్ దాచుకోండి. "పాత" అని కావాలనే రాశా. ఇప్పుడు దొరికే కొత్త కండెన్సర్లలో కొన్ని డబ్బా బాగుంటుంది, పని బాగుండదు, వేడెక్కితే చచ్చిపోయి చల్లారితే లేస్తాయి. ఇరవై ఏళ్లు పనిచేసినది ఇంకో ఏడాది పనిచేస్తుందన్న నమ్మకం నాకు ఎక్కువ. వానాకాలం ముందు క్యాప్ విప్పి లోపల పొడి గుడ్డతో తుడిచి, రెండు టెర్మినళ్ల మధ్య పెన్సిల్ గీత లాంటి నల్ల గీత ఏమైనా ఉందేమో వెలుతురులో చూడండి. ఉంటే ఆ క్యాప్ పని అయిపోయింది, గీకి వాడుకోవద్దు. అది నిప్పు నడిచిన దారి, మళ్లీ అక్కడే నడుస్తుంది.

వ్యాక్యూమ్ డబ్బీలో రబ్బరు పొర ఉందన్నాను కదా. పెట్రోలు పంపులోనూ ఒకటుంది, పెట్రోలు గొట్టాలూ రబ్బరువే. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 1984లో ఆ రబ్బరు చేసినవాళ్లు దాన్ని కలలో కూడా అనుకుని ఉండరు. మా పెదనాయన బండిలో పంపు దగ్గర గొట్టం అప్పుడే చేతికి జిగటగా తగులుతోంది. దాని సంగతి వచ్చే వారం.